మడతగంటము

జేబులో ఇముడు మడతకత్తిని గురించి ప్రసంగించుటకు ఏమున్నదని శ్రోతలు అనుకొనవచ్చును. పండు కోయుటకు, పెన్సిలు చెక్కుటకు పనికివచ్చు చిన్న వస్తువు అది. అయినను అట్టి కత్తులను సేకరించువారు ఇద్దరు ఒకచోట కూడినచో గంటల తరబడి మాటలాడుకొందురు. వారి మాటలలో సగము మనకు వింతగా తోచును. తక్కిన సగము మన ఇండ్లలోని పాతపెట్టెలకు సంబంధించినది. ఆ రెండవ సగము కొరకే ఈ ప్రసంగము.

ఫ్రాన్సు దేశమున సవాయ్ ప్రాంతములో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన కొయ్యపిడి కత్తియు, స్విట్జర్లాండులో కార్ల్ ఎల్జెనర్ 1897లో నమోదు చేయించిన సైనికాధికారుల కత్తియు లోకప్రసిద్ధములు. ఇవి లక్షలకొలదిగా తయారైనవి. సేకర్తలు ఎక్కువ మక్కువపడునవి వేరు. నూరో, రెండు నూర్లో మాత్రమే చేసి, ఒక్కొక్కదానిపై వరుససంఖ్య చెక్కి, అంతటితో తయారీ నిలిపివేసిన కత్తులు అవి.

అట్టి కత్తి చేతికి వచ్చినప్పుడు నేర్పరియైన సేకర్త మొదట చూచునది అలుగును కాదు, శీలను. అలుగు ఆ శీలపైననే తిరుగును. అది వదులైనచో అలుగు పక్కలకు ఊగును. మితిమీరి బిగిసినచో తెరచువాని గోరు విరుగును. తరువాత పిడి వెనుకనున్న ఉక్కుకమాను. తెరచునప్పుడును మూయునప్పుడును అది చేయు చప్పుడును బట్టియే పనితనమును నిర్ణయించువారు కలరు. మూసినప్పుడు అలుగుమొన పిడిలో పూర్తిగా అణగినదా? గోరు ఆనించు గంటు శీలకు తగినంత దూరముగా ఉన్నదా? దూరమైనకొలది తెరచుట సులువు. ఒపినెల్ కత్తికి 1955లో ఒక తిరుగుడు ఉంగరమును చేర్చిరి. తెరచిన అలుగు వ్రేలిపై మూసికొనకుండ అది ఆపును. అంత చిన్న మార్పు వెనుక తెగిన వ్రేళ్లు ఎన్ని యుండెనో ఊహించుకొనవచ్చును.

ఈ మాటలు వినునప్పుడు మనకు గంటము గుర్తునకు రావలెను. తాటియాకుపై ఉక్కుమొనతో వ్రాసెడివారని అందరికిని తెలియును. కాని వ్రాయసకానికి మొన ఒక్కటి చాలదు. ఆకు అంచులు సవరించుటకు కత్తియు కావలెను. కనుక ఒకే పిడిలో గంటమును, చిన్నకత్తిని మడిచి అమర్చిన పనిముట్టు దక్షిణదేశమున వాడుకలోనికి వచ్చినది. తమిళులు దానిని మడక్కెళుత్తాణి యందురు. మనము మడతగంటము అనవచ్చును. ఆంగ్లేయుల పెన్‌నైఫ్ కూడ వ్రాతపనికి పుట్టినదే. ఈకకలమును చెక్కుట దాని పని. వారి కత్తి కలమును చెక్కినది, మన కత్తి వ్రాయు ఆకును చెక్కినది.

ఆ పనిలోని సున్నితమును గమనింపుడు. వ్రాయసకాడు ఆకును ఎడమచేత పట్టి, ఎడమ బొటనవ్రేలిని గంటమునకు ఆనుగా ఉంచి, కుడిచేతితో నడుపును. బలముగా నొక్కినచో ఆకు చిల్లుపడును. తేలికగా గీసినచో అక్షరము నిలువదు. అడ్డగీత ఆకు ఈనెల వెంబడి చీలును గనుకనే మన లిపి గుండ్రనయినదని కొందరు పండితులు చెప్పుదురు. గీసిన అక్షరము వెంటనే స్పష్టముగా కనబడదు. దీపపుమసిని నూనెతో రుద్ది తుడిచిన పిదపనే నల్లగా తేలును. అట్టి పనిలో శీల కొంచెము వదులైనను మొన కదలును, మొన కదలినచో అక్షరము చెడును. నేటి సేకర్త ముచ్చటకై పరీక్షించు బిగువు నాటి వ్రాయసకానికి బ్రతుకుతెరువు.

తుంగభద్రాతీరమున మంత్రాలయములో 1671లో బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రతీర్థులు అనేక వ్యాఖ్యలు రచించిరి. న్యాయసుధకు వ్రాసిన పరిమళము వలన పరిమళాచార్యులని ప్రసిద్ధి పొందిరి. అచ్చులేని ఆ కాలమున ఏ గ్రంథమైనను ప్రతికి ప్రతి వ్రాసికొనుటచేతనే నిలిచినది. కడపలో 1820లో ఉద్యోగమునకు వచ్చిన బ్రౌను దొర తాళపత్రములను సేకరించి, పండితులను నియమించి, ప్రతులు వ్రాయించెను. అంతకుముందే మెకంజీ ఊరూర కైఫీయత్తులను సేకరింపజేసెను. వారి దయవలన గ్రంథములు దక్కినవి. గంటమునకు అంతటి ఆదరణ కలుగలేదు. అచ్చును, ఉక్కుపాళీయు వచ్చిన పిదప దానికి పని లేకపోయెను. ఇత్తడిపిడి తూకమునకును, ఇనుము కొలిమికిని పోయెను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలును ముంచినప్పుడు పాతపెట్టెలతో పాటు పోయిన వస్తువులకు లెక్క లేదు.

నూరు కత్తులే చేసితిమని నేటి తయారీదారు సంఖ్య చెక్కును. ఊరి కమ్మరి ఒకరి చేతికి తగినట్లు ఒక్కటే చేసియుండును. దానిపై సంఖ్య లేదు, చేసినవాని పేరును లేదు. అరుదుతనమే విలువయైనచో దానికి మించినది వేరొకటి ఉండదు. అయినను గుర్తు లేనందున అది తుక్కులో కలియుచున్నది.

సేకర్తలలో ఒక పాతవాదము కలదు. ఎన్నడును వాడని కత్తికే విలువ అని కొందరు, వాడుకచే అరిగిన కత్తికే విలువ అని మరికొందరు. గంటము విషయమున మేము రెండవ పక్షము వారము. పిడిపై అరిగిన చోటు వ్రేళ్లు ఎచట ఆనినవో తెలుపును. సానపట్టి సానపట్టి సన్నగిల్లిన అలుగు ఎంత పని జరిగినదో తెలుపును.

భారత ప్రభుత్వము 2003లో పాండులిపుల నమోదునకై జాతీయ మిషనును ప్రారంభించినది. ఆకుల లెక్కకు అట్లు పూనిక కలిగినది. గంటముల లెక్క మాత్రము ఇంటివారే చూచుకొనవలసియున్నది. మీ ఇంట అట్టిది కనబడినచో చింతపండుతో తోమకుడు. తోమినచో అరుగుడు గుర్తులు పోవును. ఉప్పుకాగితముతో రుద్దకుడు. తిరుగని అలుగును బలవంతముగా లాగకుడు. శీలపై ఒక్క చుక్క నూనె వేసి ఒకటి రెండు దినములు ఆగుడు. తరువాత పొడిగుడ్డలో చుట్టి తాళపత్రముల పెట్టెలోనే ఉంచుడు.

దానితో పాటు ఒక చిన్న కాగితము కూడ ఉంచుడు. ఆ గంటము ఎవరిది, ఏ ఊరిది, దానితో ఏమి వ్రాసిరి అను మూడు సంగతులు అందులో ఉన్నచో చాలును. వాటిని చెప్పగల పెద్దలు ఇంట ఉన్నప్పుడే అడిగి వ్రాసికొనుడు.