తలుపు అవతల ఉన్నది మన బిడ్డే

(తిరువూరులో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ ప్రభువుల దయ కాదు, మన హక్కు అని తేల్చింది. ఆ తీర్పును తలచుకునే ఈ రోజున డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. అవన్నీ కార్యదర్శిగారు చెప్పారు. మన సభల్లో ఎన్నడూ ఎత్తని సంగతి ఒకటి నేను ఎత్తుతాను. అది మా ఇంటి సంగతి. ఇక్కడ కూర్చున్న మరికొందరి ఇంటి సంగతి కూడా కావచ్చు.

మా చిన్నవాడు ఇంజనీరింగులో చేరాడు. మూడో ఏడు నాటికి ఏడు సబ్జెక్టులు మిగిలిపోయాయి. సెలవులకని ఇంటికి వచ్చి, తిరిగి వెళ్ళలేదు. మొదట భోజనానికి గదిలోంచి బయటికి వచ్చేవాడు. తరవాత మేము పడుకున్నాక వచ్చేవాడు. ఆ తరవాత వాళ్ళమ్మ గుమ్మం దగ్గర కంచం పెడితే, తెల్లవారి ఖాళీ కంచం అక్కడే కనిపించేది. పగలు నిద్ర, రాత్రి ఫోను. ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

ఆ నాలుగేళ్ళలో నేను చేసినవి దాచకుండా చెబుతాను. తిట్టాను. ఎదురింటి కుర్రాడితో పోల్చాను. ఇంటర్నెట్ తీయించాను. ఒకనాడు తలుపు గడియ ఊడబెరికించాను. ఆనాటి నుంచి వాడు మంచాన్ని తలుపుకు అడ్డంగా వేసుకున్నాడు. తాయెత్తు కట్టించాం, జాతకం చూపించాం. పెళ్ళి చేస్తే దారికి వస్తాడన్నారు. ఒక ఆడపిల్ల బతుకుతో ఆ ప్రయోగం మాత్రం చేయలేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు అబద్ధం. ఎవరడిగినా "హైదరాబాదులో కోచింగులో ఉన్నాడండీ" అనేవాణ్ణి. ఒకరోజు వీధి గుమ్మంలో ఒక మిత్రుడితో ఆ మాటే అంటున్నాను. వాడి గది కిటికీ పక్కనే ఉంది. వాడు విన్నాడు. ఇంట్లో ఉంటూనే లేనివాడిగా లెక్కకు వచ్చాడు పాపం.

ఈ అవస్థ మన ఒక్కరిదే కాదు. జపానులో దీనికి 'హికికొమోరి' అని పేరు. ఆరు నెలలు, అంతకు మించి చదువుకూ, పనికీ, స్నేహాలకూ దూరమై ఇంట్లోనే ఉండిపోవడం దాని లక్షణం. సైటో తమాకీ అనే మానసిక వైద్యుడు 1998లో దీనిపై పుస్తకం రాయడంతో ఆ మాట అక్కడ ఇంటింటా తెలిసింది. 1999లో తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు. 2023లో అక్కడి ప్రభుత్వం ప్రకటించిన అంచనా ప్రకారం 15 నుంచి 64 ఏళ్ళ లోపు వారిలో ఇటువంటివారు సుమారు 14 లక్షల 60 వేల మంది. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో మన దేశంలోనూ ఇటువంటివారిని గుర్తించారు.

అక్కడ '8050 సమస్య' అని ఇంకో మాట ఉంది. ఎనభై ఏళ్ళ తల్లిదండ్రుల పెన్షన్ మీద యాభై ఏళ్ళ బిడ్డ బతకడం. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా తరవాత మా ఆవిడకు కుటుంబ పెన్షన్ వస్తుంది. ఆమె తరవాత గుమ్మం దగ్గర కంచం పెట్టేదెవరు?

చివరికి దారి చూపింది మా ఆవిడే. "ఏమండీ, వాడు రాకపోతే మానె, మనమే డాక్టరు దగ్గరికి పోదాం" అంది. "పిచ్చాసుపత్రికి వెళ్ళారంటారేమో" అని నేను జంకాను. "అననీయండి" అంది. విజయవాడ వెళ్ళాం. ఆ వైద్యుడు మొదట చెప్పిన మాట: "అబ్బాయి రాలేదని బాధపడకండి. ముందు వైద్యం మీ ఇద్దరికే." జపానులో 2010లో తయారైన మార్గదర్శకాలలోనూ ఇదే వరస అని తరవాత తెలిసింది. ముందు కుటుంబానికి సాయం, తరవాత ఆ వ్యక్తికి, ఆపైన నలుగురిలో కలవడం, చిట్టచివర ఉద్యోగం. మనం చివరి మెట్టు నుంచి మొదలుపెడతాం.

ఆయన చెప్పినవి క్లుప్తంగా మనవి చేస్తాను. ఇది సోమరితనం కాదు. దీని వెనుక దిగులు జబ్బు ఉండవచ్చు, మనుషులంటే భయం ఉండవచ్చు, ఇంకా పెద్ద మానసిక వ్యాధి తొలి రూపం కావచ్చు. కనుక పరీక్ష అవసరం. తలుపు బద్దలు కొట్టవద్దు. తలుపు బయట నుంచి చదువు, ఉద్యోగం మాట ఎత్తవద్దు. మామిడి పూత గురించి చెప్పండి, వాన గురించి చెప్పండి. చేయి చేసుకుంటే మాత్రం సహించవద్దు. మీరు పెళ్ళిళ్ళకూ, సభలకూ మానవద్దు. వాడితోపాటు మీరూ తలుపులు వేసుకుంటే ఇక తెరిచేవారు ఉండరు.

ఆ ఏడు లైఫ్ సర్టిఫికెట్ ఫోనులోనే ఇవ్వవచ్చన్నారు. ఎంత తిప్పలు పడినా నా ముఖం దానికి ఆనలేదు. తలుపు దగ్గరకు వెళ్ళి, "చిన్నోడా, నేను బతికే ఉన్నానంటే ఈ ఫోను నమ్మడం లేదురా" అన్నాను. ఎత్తు వేసి అన్నది కాదు, నిజంగానే చేతకాక అన్నాను. కాసేపటికి మంచం జరిపిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగి, మనిషి పాలిపోయి ఉన్నాడు. "కళ్ళజోడు తీయి నాన్నా, వెలుతురు వైపు తిరుగు" అన్నాడు. పని పూర్తిచేసి మళ్ళీ లోపలికి పోయాడు. నేను ఆపలేదు. బయటికి వచ్చినప్పుడు పట్టుకోవద్దని డాక్టరుగారు చెప్పివున్నారు.

తరవాత నెలలో ఒక మిత్రుడు తన ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఏం చదివావు, ఏం చేస్తున్నావు అని అడగకుండా పని చేయించుకొని, "సంతోషం బాబూ" అని వెళ్ళిపోయారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. ఆయన రుణం తీర్చుకోలేను. ఆ తరవాత పదకొండు నెలలకు వాడు మాతో విజయవాడ బస్సెక్కాడు. దిగులు జబ్బని తేలింది, మందులు వాడుతున్నాడు. ఇప్పుడు సాయంత్రాలు ఒక జిరాక్సు షాపులో కూర్చుంటున్నాడు. పూర్తిగా బాగుపడ్డాడని చెప్పను. మొన్న దసరాకు చుట్టాలు వస్తే రెండు రోజులు తలుపు వేసుకున్నాడు. మూడో రోజు తనే తీశాడు.

మిత్రులారా, మూడు విన్నపాలు. మొదటిది, పెళ్ళిలో కనిపించిన ప్రతి కుర్రవాణ్ణీ "ఏం చేస్తున్నావు?" అని నిలదీయడం మానుదాం. రెండవది, ఆడపిల్లలను మరువవద్దు. ఇల్లు కదలని కొడుకును చూసి కంగారుపడతాం గాని, కూతురైతే బుద్ధిమంతురాలని మెచ్చుకొని ఊరుకుంటాం. మూడవది, నెలకొక సాయంత్రం మన సంఘం గది ఇటువంటి తల్లిదండ్రుల కోసం తెరిచి ఉంచుదాం. రిజిస్టరు వద్దు, సంతకాలు వద్దు, తీర్మానాలు అసలే వద్దు. ఒకరి మాట ఒకరు వింటే చాలు.

బిడ్డ నోట చావు మాట వస్తే మాత్రం నెలాఖరు సమావేశం దాకా ఆగవద్దు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అక్కరలేదు. వెంటనే ఫోను చేయండి. అపాయం ఎదుటే ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈ ప్రసంగం నిన్న రాత్రి మా వాడికి చదివి వినిపించాను. వాడు వద్దంటే మానేద్దామనుకున్నాను. అంతా విని, "తాయెత్తు సంగతి కూడా చెప్పు నాన్నా" అన్నాడు. చెప్పాను. ఇక మా ఇంట్లో హైదరాబాదు కోచింగు లేదు. మా వాడు తిరువూరులోనే, మా ఇంట్లోనే ఉన్నాడు.