హెర్నియా: దాచదగని వ్యాధి

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సందర్భంగా చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



అప్పును, నిప్పును, రోగాన్ని శేషం ఉంచరాదని పెద్దల మాట. అప్పును ఎవరూ మరువరు. నిప్పును చూచి ఎవరూ ఊరకుండరు. రోగాలలో మాత్రం కొన్నింటిని మనుష్యులు ఏళ్ల తరబడి దాచుకొని తిరుగుతారు. అటువంటివాటిలో హెర్నియా ముఖ్యమైనది. గజ్జలో వాపు ఉన్నదని చెప్పుకొనుటకు పురుషులు సిగ్గుపడతారు. కాన్పు తరువాత పొట్టపై ఉబ్బు కనిపించిన స్త్రీలు అది సహజమేనని సరిపెట్టుకుంటారు. ఈ మౌనమే ప్రాణాపాయానికి దారి తీస్తున్నది.

పొట్ట ముందుభాగంలోని కండరాలు, వాటిని కప్పిన గట్టి పొరలు కలిసి ఒక గోడవలె నిలిచి ప్రేగులను లోపల ఉంచుతాయి. ఆ గోడ ఒకచోట పలుచబడినా, పుట్టుకకు ముందు మూసుకొనవలసిన దారి తెరిచియే ఉండిపోయినా, ప్రేగు గాని కొవ్వు గాని సంచివలె వెలుపలికి పొడుచుకొని వస్తుంది. ఇదే హెర్నియా. మన ప్రాచీన వైద్యంలో సుశ్రుతుడు దీనిని ఆంత్రవృద్ధి అన్నాడు. వరిబీజం దీనికంటె వేరు. అందులో చేరేది నీరు. హెర్నియా సాధారణంగా దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఉబ్బి, పడుకొన్నప్పుడు లోపలికి పోతుంది. పొట్ట గోడలో వచ్చే హెర్నియాలలో సుమారు నాలుగింట మూడు వంతులు గజ్జలోనివే. జీవితకాలంలో గజ్జ హెర్నియా వచ్చే అవకాశం పురుషులలో నూటికి సుమారు 27 మందికి, స్త్రీలలో నూటికి ముగ్గురికి ఉన్నదని అంచనా. బొడ్డువద్ద, తొడ మొదట, పాత ఆపరేషన్ మచ్చవద్ద వచ్చేవి తక్కినవి.

బీడీ, సిగరెట్టులవలన వచ్చే దీర్ఘకాలపు దగ్గు, మలబద్ధకం, వృద్ధులలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రానికి ముక్కవలసి రావడం, స్థూలకాయం, పలు కాన్పులు ఈ గోడపై ఒత్తిడిని పెంచుతాయి. బరువులు మోసే వృత్తులు కూడ ఆ ఒత్తిడికి తోడుపడవచ్చును.

తల్లులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి కలదు. పసిబిడ్డ బొడ్డు ఉబ్బితే దానిపై రూపాయి బిళ్ల పెట్టి కట్టుకట్టే అలవాటు కొన్ని ఇండ్లలో నేటికీ ఉన్నది. దానివలన ప్రయోజనం లేదు సరికదా, లేత చర్మం పుండ్లు పడవచ్చును. బొడ్డు హెర్నియాలలో ఎక్కువ భాగం నాలుగైదేళ్లు నిండేలోగా వాటంతట అవే మూసుకొంటాయి. కాని బిడ్డ గజ్జలో వాపు కనిపిస్తే వేచి ఉండరాదు. అది తనంతట తాను మానదు. త్వరగా ఆపరేషన్ చేయించాలి. పిల్లలకు సంచిని కట్టివేస్తే చాలును, వల అవసరం ఉండదు.

అసలు అపాయం ఏమిటి? వెలుపలికి వచ్చిన ప్రేగు సందులో ఇరుక్కొని, దానికి రక్తం అందకపోతే కొద్ది గంటలలోనే ఆ భాగం కుళ్లిపోవచ్చును. వాపు గట్టిపడి లోపలికి పోకపోవడం, తీవ్రమైన నొప్పి, వాంతులు, మలవాయువులు ఆగిపోవడం దీని గుర్తులు. అప్పుడు వాపును బలవంతంగా నొక్కరాదు, తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వరాదు. తెల్లవారేదాకా ఆగకుండా శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి చేర్చాలి.

మందులు, లేపనాలు గోడలోని రంధ్రాన్ని పూడ్చలేవు. నడుముకు కట్టే బెల్టు వాపును అణచిపెడుతుందే గాని నయం చేయదు. పెద్దలలో మరమ్మత్తుకు మార్గం శస్త్రచికిత్సయే.

ఇటలీలోని పాదువా నగరపు వైద్యుడు ఎడోర్డో బస్సీని 1884లో నవీన పద్ధతికి పునాది వేశాడు. యువకునిగా 1867లో యుద్ధంలో గజ్జలోనే బాయొనెట్ పోటు తిని బ్రతికినవాడాయన. బలహీనపడిన పొరలను ఒకదానితో ఒకటి చేర్చి కుట్టడం ఆయన విధానం. అయితే, ఒకప్పుడు నేతపనికి పేరు పొందిన సర్జాపురలో పెద్దలకు వేరే చెప్పనక్కరలేని సంగతి ఒకటున్నది: చిరిగిన బట్ట అంచులను లాగి కుట్టితే కుట్టు ప్రక్కనే మరల చిరుగుతుంది, అడుగున మాసిక వేస్తే నిలుస్తుంది. 1980లలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టైన్ బృందం ఈ సూత్రాన్నే అమలుపరచింది. పాలీప్రొపిలీన్ వలను పరచి, అంచులను లాగకుండా కుట్టారు. హెర్నియా తిరిగి రావడం బాగా తగ్గింది.

1990ల నుండి లాపరోస్కోపీ వ్యాప్తి చెందింది. చిన్న రంధ్రాలద్వారా లోపలివైపున వలను అమర్చుతారు. నొప్పి తక్కువ, పనికి త్వరగా వెళ్లవచ్చును. రెండువైపులా ఉన్నవారికి, వెలుపలినుండి చేసిన మరమ్మత్తు విఫలమై హెర్నియా తిరిగి వచ్చినవారికి, స్త్రీలకు ఇది అనుకూలం. కాని దీనికి సాధారణంగా పూర్తి మత్తు, అనుభవజ్ఞుడైన సర్జన్ అవసరం. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వృద్ధులకు ఆ భాగాన్ని మాత్రమే మొద్దుబార్చి వెలుపలినుండి చేసే ఆపరేషన్ మేలు కావచ్చును.

పేదవానికి వల ఖరీదే అడ్డంకి కారాదని మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ టొంగావ్కర్ దోమతెర గుడ్డను శుద్ధిచేసి వలగా వాడి, ఆ ఫలితాలను సహచరులతో కలిసి 2003లో ప్రకటించారు. అటువంటి చౌక వలనే ఉగాండాలో 302 మంది పురుషులపై ఖరీదైన వలతో పోల్చి చూడగా, ఏడాది తరువాత ఫలితాలు దాదాపు సమానమని 2016లో వెల్లడైంది. ఇది సర్జన్లు శాస్త్రీయంగా చేయవలసిన పనే గాని ఇంటి వైద్యం కాదు.

హెర్నియా ఉన్న ప్రతివారూ వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తవలెనా? బాధ లేని, చిన్న గజ్జ హెర్నియా గల పురుషులు వైద్యుని పర్యవేక్షణలో కొంతకాలం ఆగవచ్చునని 2006లో అమెరికాలో జరిగిన పరిశీలన తెలిపింది. అయితే అట్లు ఆగినవారిలో మూడింట రెండు వంతుల మంది పదేళ్లలో ఆపరేషన్‌కే వచ్చారు. తొడ మొదట వచ్చే హెర్నియా స్త్రీలలో ఎక్కువ. అది త్వరగా ఇరుక్కుంటుంది కనుక దానికి ఈ ఆగుట వర్తించదు.

శస్త్రచికిత్సకూ కష్టనష్టాలున్నవి. చీము పట్టడం, నీరు చేరడం, కొందరికి గజ్జలో చిరకాలపు నొప్పి, అరుదుగా హెర్నియా తిరిగి రావడం సంభవించవచ్చును. కనుక ఏ పద్ధతి, ఏ మత్తు, ఎంత ఖర్చు, ఎన్నాళ్ల విశ్రాంతి అని ముందే అడిగి తెలుసుకొనుట రోగి హక్కు. ఆపరేషన్ తరువాత మంచానికి అంటుకొనక త్వరగా నడవాలి, బరువుల విషయంలో వైద్యుడు చెప్పిన గడువు పాటించాలి, పొగ మానాలి.

సర్జాపుర వాసులకు వైద్యం అందరాని దూరంలో లేదు. ఆనేకల్‌లో తాలూకా ఆసుపత్రి, సర్జాపుర రోడ్డుమీదనే సెయింట్ జాన్స్ ఆసుపత్రి, నగరంలో ప్రభుత్వ విక్టోరియా, బౌరింగ్ ఆసుపత్రులు ఉన్నవి. దూరమల్లా నోరు తెరిచి చెప్పుకొనుటలోనే ఉన్నది. ఇంటిలో తండ్రి గాని, అవ్వ గాని, తాత గాని ఉబ్బును పంచెలోనో చీరకొంగు క్రిందనో దాచుకొంటున్నట్లు తోస్తే, పిల్లలే చొరవతో అడిగి, వెంట నిలిచి వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి. చదువుకొన్న బిడ్డ ఇంటికి చేయగల మేలులలో ఇది ఒకటి.

సర్వే జనాః సుఖినో భవంతు.