తలుపు గడియ మార్చునప్పుడు

పిడి వదులైనదని, గడియ తుప్పు పట్టినదని అంగడికి పోవుదుము. పాతదానిని ఊడదీసి వెంట తీసికొనిపోవుట మాత్రము మరతుము. ‘అన్నియు నొకటే కొలత’ యను అంగడివాని మాట నమ్మరాదు. క్రొత్తదాని రంధ్రములు పాతవానికి సరిపడనిచో ప్రక్కనే తొలువవలసివచ్చును; చెక్క చీలును. వదులైన రంధ్రమున జిగురు రాచిన చెక్కపుల్లను దిగగొట్టి, ఆరిన పిదప సన్నగా తొలిచి స్క్రూ బిగించిన చాలును.

స్నానపుగదికి ఇనుముకంటె ఇత్తడి మేలు. కాని ఇత్తడి స్క్రూ మెత్తనిది. గట్టి చెక్కలో తల తెగిపోవును. నేర్పరియైన వడ్రంగి మొదట అదే కొలత ఇనుప స్క్రూను బిగించి తీసి, అటుపిమ్మట ఇత్తడిదానిని ఎక్కించును. మొనకు కొంచెము సబ్బు రాచిన ఇంకను సులువు.

వీనియన్నిటికంటె మేము ముఖ్యముగా చెప్పదలచినది పసిపిల్లల సంగతి. లోపలి గడియ చేతికందినచో వారు వేసికొందురు, తీయలేరు. లోపల బిడ్డ, బయట తల్లి, నడుమ టేకు తలుపు! పిల్లలున్న యింట ఆ గడియను వారికందని యెత్తున బిగింతము. లేదా, బయటినుండి నాణెముతో త్రిప్పి తీయదగిన గడియను ఎన్నుకొందము. బిగించిననాడే, తలుపు తెరచియుండగా, ఒకసారి త్రిప్పి చూచుకొందము.