పన్నెండు పాటల్లో ప్యాట్సీ క్లైన్

1967లో అమెరికాలోని డెక్కా కంపెనీ ఒక ఎల్పీ రికార్డు విడుదల చేసింది. పేరులో చమత్కారమేమీ లేదు: ‘ప్యాట్సీ క్లైన్స్ గ్రేటెస్ట్ హిట్స్’. పక్కకి ఆరు చొప్పున పన్నెండు పాటలు. గాయని పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆమె పోయిన ఏడాదే, 1963లో, ఇదే కంపెనీ ‘ది ప్యాట్సీ క్లైన్ స్టోరీ’ అని రెండు రికార్డుల సంకలనం తెచ్చింది. అయినా జనం పట్టుకున్నది ఈ ఒంటి రికార్డునే. అమెరికాలో కోటి ప్రతులు దాటినందుకు 2005లో అక్కడి రికార్డింగ్ పరిశ్రమ సంఘం దీనికి డైమండ్ గుర్తింపు ఇచ్చింది.

సంగీతం బాగా తెలిసినవాళ్లకు ఇలాంటి సంకలనాల మీద కాస్త చిన్నచూపు ఉంటుంది. హిట్లన్నీ ఏరి ఒకచోట పెడితే అది వ్యాపారమే కానీ కళ కాదంటారు. ప్యాట్సీ విషయంలో ఈ మాట నిలవదు. బతికుండగా ఆమె ఆల్బములు మూడే వచ్చాయి: 1957లో ఒకటి, 1961లో ఒకటి, 1962లో ఒకటి. ఆమె పాట ఊరూరా తిరిగింది చిన్న సైజు సింగిల్ రికార్డుల మీద, రేడియోలో, హోటళ్లలో చిల్లర వేస్తే పాడే జ్యూక్‌బాక్సుల్లో. మన దగ్గర సుశీల పాటల క్యాసెట్ పెడితే ప్రతి పాట వెనకా ఒక సినిమా, ఒక నాయిక ముఖం, ఒక సన్నివేశం వచ్చి నిలబడతాయి. ప్యాట్సీ పాటలకు అలాంటి ఆసరా లేదు. ఏ పాటకా పాట ఒంటరిగా పుట్టింది. వాటిని వరసలో పెట్టి ఒక మనిషి కథలా వినిపించింది ఆ 1967 రికార్డే.

అసలు కథ వేరు. 1932 సెప్టెంబర్ 8న వర్జీనియా రాష్ట్రంలోని వించెస్టర్‌లో పుట్టిన వర్జీనియా ప్యాటర్సన్ హెన్స్లీయే తర్వాత ప్యాట్సీ క్లైన్ అయింది. తొలినాళ్లలో తల్లి హిల్డా కుట్టిచ్చిన అంచులు వేలాడే కౌబాయ్ దుస్తుల్లో స్టేజి ఎక్కి, హుషారు పాటలు గొంతెత్తి పాడేది. 1957 జనవరిలో ఆర్థర్ గాడ్‌ఫ్రీ టెలివిజన్ కార్యక్రమంలో ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ పాడితే దేశమంతా విన్నది. ఆ పాట కంట్రీ అనే పల్లెపాటల జాబితాలో 2వ స్థానానికీ, పాప్ జాబితాలో 12వ స్థానానికీ చేరింది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా మరో హిట్ లేదు.

కారణం గొంతులో లేదు, కాగితంలో ఉంది. 1950ల మధ్యలో ఆమె ఫోర్ స్టార్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ కంపెనీ ప్రచురణ హక్కులున్న పాటలే పాడాలన్నది అందులో షరతు. రాయల్టీ నామమాత్రం. మంచి పాట ఎదురుగా ఉన్నా అది వేరే ప్రచురణకర్తదైతే ముట్టుకోవడానికి లేదు. 1955 నుంచి 1960 దాకా ఆ షరతు కింద యాభైకి పైగా పాటలు పాడితే నిలబడింది ఒక్కటి.

ఒప్పందం గడువు తీరింది. ఆమె నేరుగా డెక్కాతో కుదుర్చుకుంది. 1960 నవంబర్‌లో నాష్‌విల్‌లో నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ దగ్గర హ్యాంక్ కాక్రన్, హార్లన్ హవర్డ్ రాసిన ‘ఐ ఫాల్ టు పీసెస్’ రికార్డు చేశారు. అది మరుసటి ఏడాది కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. బ్రాడ్లీ పద్ధతి వేరు. పాత కంట్రీ పాటల్లో ముందుండే ఫిడేలునూ స్టీల్ గిటారునూ వెనక్కి నెట్టి, మెత్తటి పియానో, వయొలిన్ల గుంపు, జోర్డనేర్స్ బృందం కోరస్ పెట్టేవాడు. పల్లెపాటకు పట్నం ఇస్త్రీ చేశాడని సంప్రదాయవాదులు సణిగిన మాట నిజం. కానీ ఆ ఖాళీ జాగాలోనే ప్యాట్సీ గొంతు తన లోతును కనుక్కుంది.

1961 జూన్‌లో కారు ప్రమాదంలో ఆమె తీవ్రంగా గాయపడింది. రెండు నెలల తర్వాత, ఆగస్టు 21న, చంకకర్రల మీద స్టూడియోకి వచ్చింది. ఆరోజు పాట ‘క్రేజీ’. రాసినవాడు అప్పటికి పెద్దగా పేరులేని విల్లీ నెల్సన్. మూడు గంటల్లో మూడు నాలుగు పాటలు ముగించే అలవాటున్న ఆ స్టూడియోలో ఈ ఒక్కదానికే నాలుగు గంటలు పట్టింది. పక్కటెముకల నొప్పికి పైస్వరం అందలేదు. వాద్యాలు మాత్రం రికార్డు చేసి ఆమెను పంపేశారు. తర్వాత ఇంకో రోజు వచ్చి ఆమె తన గొంతు చేర్చింది. ఆ పాట పాప్ జాబితాలో 9వ స్థానం దాకా వెళ్లింది. తాళం కన్నా అర అడుగు వెనక నడుస్తూ, పడిపోకుండా పాడే ఆ తీరుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

1963 ఫిబ్రవరిలో చివరి రికార్డింగులు జరిగాయి. ‘స్వీట్ డ్రీమ్స్’, ‘ఫేడెడ్ లవ్’ అప్పటివే. మార్చి 5న టెనెసీలోని కామ్డెన్ దగ్గర చిన్న విమానం కూలింది. కౌబాయ్ కోపాస్, హాక్‌షా హాకిన్స్ అనే ఇద్దరు గాయకులూ, విమానం నడుపుతున్న ఆమె మేనేజర్ ర్యాండీ హ్యూస్ కూడా అందులోనే పోయారు. ఆమెకు ముప్ఫై ఏళ్లు.

ఇప్పుడా పన్నెండు పాటల్ని మళ్లీ చూడాలి. అన్నీ 1960 నవంబర్‌కూ 1963 ఫిబ్రవరికీ మధ్య రికార్డయినవే. ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ కూడా 1957 నాటిది కాదు, 1961లో కోరస్‌తో తిరిగి పాడినది. అంటే ఒక గాయని పేరంతా రెండుంపావు సంవత్సరాల పని మీద నిలిచింది. పైగా అన్నీ హిట్లు కూడా కావు. ‘బ్యాక్ ఇన్ బేబీస్ ఆర్మ్స్’ అనేది ‘స్వీట్ డ్రీమ్స్’ సింగిల్‌కు వెనకవైపు పాట. ‘స్ట్రేంజ్’ కూడా ‘షీజ్ గాట్ యూ’కి వెనకవైపుదే. ఏరినవాళ్లు అమ్మకాల లెక్క ఒక్కటే చూడలేదు, ఒక రసం చూశారు. విడిపోవడం, ఎదురుచూడటం, మరిచిపోలేకపోవడం. కౌబాయ్ దుస్తుల హుషారు పిల్లకు అందులో చోటు దొరకలేదు. విమాన ప్రమాదం తెలిసిన శ్రోత ఆ పాటలన్నిటిలో రాబోయే చావును వెతుక్కున్నాడు. పాడేటప్పుడు ఆమెకు ఆ సంగతి తెలియదు కదా.

1980లో గాయని లొరెట్టా లిన్ జీవితం మీద వచ్చిన ‘కోల్ మైనర్స్ డాటర్’ చిత్రంలో ప్యాట్సీ ఒక పాత్ర. 1985లో జెస్సికా లాంగ్ నటించిన ‘స్వీట్ డ్రీమ్స్’ పూర్తిగా ఆమె కథే. సినిమా చూసి బయటికొచ్చినవాళ్లకు దుకాణంలో ఆ పాత ఎల్పీ సిద్ధంగా ఉంది. 1988లో ‘12 గ్రేటెస్ట్ హిట్స్’గా పేరు మార్చుకుని సీడీ అయింది. అప్పటికే 1973లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఒంటరిగా చేరిన తొలి గాయని ఆమె.

రెండో రకం సంకలనాలూ ఉన్నాయి. ఫోర్ స్టార్ నాటి ఆ యాభై చిల్లర పాటలు చేతులు మారి, చవక ధరల ఎల్పీలుగా, క్యాసెట్లుగా, సీడీలుగా లెక్కలేనన్ని అట్టలతో వచ్చాయి. చాలావాటి అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండే మాట ‘హిట్స్’. లోపల హిట్ ఒక్కటే ఉంటుంది. డబ్బు పోసి కొన్నవాడు ‘క్రేజీ’ కోసం వెతికి తిట్టుకుంటాడు. కానీ 1957 నాటి అసలు ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’, స్టీల్ గిటారు ముందుకొచ్చి పలికేది, ఆ చవక సరుకులోనే దొరుకుతుంది.