పాల లెక్కలు కంప్యూటరులో ఎక్కించుట – ఏ పద్ధతి త్వరితం?

(మల్కాజ్‌గిరిలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



1981లో నాటి ఆంధ్రప్రదేశ్ డెయిరీ అభివృద్ధి సహకార సమాఖ్య ఏర్పడిన రోజుల్లో సంఘాల లెక్కలు చేతిరాత రిజిస్టర్లలోనే ఉండేవి. నేడు కంప్యూటర్లు వచ్చాయి. అయితే పాత లెక్కలు ఎక్కించబోతే కంప్యూటరు కదలడం లేదని కార్యదర్శులు నాతో అంటున్నారు. తప్పు యంత్రానిది కాదు, మనం ఎక్కించే పద్ధతిది.

రెండు వందల మంది సభ్యులు, రోజుకు రెండు పూటలు. సంవత్సరానికి 1,46,000 పద్దులు. ఒక్కొక్క పద్దు వ్రాసి వెంటనే ఖాయం చేయమంటే, అది డిస్కు మీద పడినదాకా కంప్యూటరు ఆగుతుంది. ఈ ఖాయం చేయడాన్నే కమిట్ అంటారు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో ఒక కమిట్‌కు సుమారు రెండు చుట్లు కావాలి. అంటే సెకనుకు 60 పద్దులు, సంవత్సరం లెక్కకు 40 నిమిషాలు. అదే పని మొత్తం ఒకే కట్టగా కట్టి చివర ఒక్కసారి కమిట్ చేస్తే, సామాన్యమైన కంప్యూటరు కూడా సెకనుకు 50,000 పద్దులు వ్రాయగలదు. మూడు సెకన్ల పని! ఈ అంకెలు 2000లో వెలువడిన ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు తయారీదారులు చెప్పినవే. ఇప్పటి చిప్పుల డిస్కుల్లో ఆగే సమయం తగ్గింది గాని పోలేదు. లీటరు లీటరుకూ వ్యాను డెయిరీకి పోతుందా? క్యాన్లు నిండాకనే గదా పోయేది.

మైఎస్‌క్యూఎల్‌లో ఒకే ఆజ్ఞలో అనేక వరుసలు పంపవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఫైలును నేరుగా ఎక్కించే కాపీ అనే ఆజ్ఞ అన్నింటికన్నా త్వరితం. ఖాళీ పట్టికలోకి ఎక్కించేటప్పుడు సూచికలు చివర కట్టుకుంటే ఇంకా కలిసి వస్తుంది.

కొందరు డిస్కు కోసం ఆగవద్దని యంత్రానికి చెప్పి వేగం తెచ్చుకుంటారు. కరెంటు పోతే ఖాయమైనవనుకున్న పద్దులు కూడా పోవచ్చు. మన ఊళ్ళ కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా!

ఒక సంఘంలో నేను చూచిన సంగతి. పక్షం లెక్కలు ఒక్కొక్కటిగా ఎక్కిస్తుండగా మధ్యలో కరెంటు పోయింది. సగం ఎక్కాయి. గుమాస్తా మళ్ళీ మొదటి నుండి అన్నీ ఎక్కించాడు. సగం మందికి రెండింతల డబ్బు లెక్క తేలింది, తరువాతి బిల్లులో కోత పడింది. అప్పటికే దాణాకు ఖర్చు పెట్టుకున్న ఒక సభ్యురాలు నన్ను నిలదీసింది. ఒకే కట్టగా ఎక్కించి ఉంటే, కరెంటు పోయినప్పుడు మొత్తం వెనక్కు పోయేది, సగం మిగిలేది కాదు. సభ్యుని నంబరు, తేదీ, పూట, ఆవు పాలా గేదె పాలా – ఈ నాలుగూ కలిసి రెండోసారి రాకుండా పట్టికలో నిబంధన పెట్టి ఉన్నా ఆపద తప్పేది.

అయితే పాలు పోసేచోట ఈ కట్టల పద్ధతి వద్దు. పాలు కొలిచి, వెన్న శాతం చూచేసరికే అర నిమిషం పడుతుంది. అక్కడ సెకనులో అరవయ్యో వంతు మిగిల్చి ఏం లాభం? ప్రతి పద్దూ వెంటనే కమిట్ కావలెను, ఆ తరువాతే చీటీ చేతికి రావలెను. చీటీ ముందు ఇచ్చి, పద్దులు సాయంత్రం కట్టగా ఎక్కించే సంఘంలో సభ్యుని చేతిలో కాగితమే ఉంటుంది, లెక్క ఉండదు.

పాత రిజిస్టర్లు ఎక్కించేవారు పూటకొక కట్ట చేసుకోండి. ప్రతి కట్టకూ పద్దుల సంఖ్య, మొత్తం లీటర్లు రిజిస్టరుతో సరిచూచి, సరిపోయిన తరువాతనే బిల్లు తీయండి.