ముందు ఇంటి చెంబు, తరువాత సంఘం క్యాను
(అనకాపల్లి దగ్గర ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించి, బోనసు గురించి సెక్రటరీ గారు ఎలాగూ చెబుతారు. మేము ఈ పూట మీ వంటింటి లెక్క తీద్దామని వచ్చాము.

ఆమధ్య తనిఖీకి వచ్చినప్పుడు ఒక సభ్యురాలి ఇంటికి వెళ్ళాము. రెండు పూటలా కలిపి ఎనిమిది లీటర్లు పోసే ఇల్లు. అరుగు మీద ఇద్దరు పిల్లలు నల్ల టీలో బిస్కెట్టు ముంచుకు తింటున్నారు. పాలేవమ్మా అని అడిగితే, "బాబూ, గుంటలకి పాలు పోసేస్తే తవుడు బాకీ ఎలా కడతాం, చీటీ ఎలా కడతాం?" అంది. మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆమె అన్నది అబద్ధం కాదు.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలై పల్లె పాలు పట్టణానికి పోయే దారి పడ్డాక, పాడి ఉన్న ఇంట్లోనే పాలు కరవవుతున్నాయని ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. సంఘం మిగులు పాలకు మార్కెట్టు చూపిస్తుంది. ఇంటి వాటా కూడా క్యానులో పోయమని ఏ ఉపనిబంధనలోనూ లేదు. సెక్రటరీ గారు మావైపు అలా చూడనక్కరలేదు. పాలిచ్చే ఇల్లు ఆరోగ్యంగా ఉంటేనే గేదెకు మేత, సంఘానికి పాలు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో కావాలి. నలుగురున్న ఇంటికి లీటరుంబావుకు దగ్గర పడుతుంది. అంత ఉంచుకోమంటే రేపటినుంచి మమ్మల్ని ఊళ్ళోకి రానివ్వరు. అరలీటరుతో మొదలు పెట్టండి. లీటరు 50 రూపాయలనుకుంటే రోజుకు 25, నెలకు 750. గట్టి సొమ్మే. ఇక రెండోవైపు చూడండి. పిల్లలిద్దరికీ పూటకొక అయిదు రూపాయల పొట్లం చొప్పున రోజుకు 20, నెలకు 600. మిగతా 150 ఎక్కడిదంటారా? సాయంత్రం టీకొట్టు దగ్గర మగవారి బజ్జీల లెక్క ఎవరూ రాయటం లేదు కనుక మేమూ రాయము.

ఉంచుకున్న అరలీటరును నీళ్ళతో మాత్రం పూడ్చవద్దు. లాక్టోమీటరుకు మొహమాటం లేదు.

డబ్బు కంటే కష్టమైనది తీరిక. నాలుగున్నరకు లేచి పేడ తీసి, పాలు పితికి, కేంద్రానికి పోసి వచ్చేసరికి ఏడవుతుంది. అప్పుడు పొయ్యి వెలిగించి కొత్త వంటలు చేయమంటే ఆడవారు నవ్వుతారు, నవ్వాలి కూడా. అందుకే పని రాత్రికి మార్చాలి. దాలి మీద కాగిన పాలకు తోడు వేయటం నిమిషం పని. చోడిపిండి రాత్రే కలిపి ఉంచుకుంటే తెల్లవారి అంబలి కాచటానికి పావుగంట చాలు. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పదికి అటూ ఇటూ. మన మామ్మలు తాగిన అంబలిని మనం పేదతిండి అని మానుకుంటే, 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది! పెరటి మునగాకు, గేదెలకు ఉడికించే ఉలవల్లోంచి ఒక దోసెడు, ఇవి కొనేవి కావు. కానీ ఆకు దూసి పెట్టటం, పిండి కలపటం ఇంటావిడ ఒక్కరి వంతే అయితే వారంలో ఆగిపోతుంది. పాలు పోసి వచ్చిన మగవారు ఆ పని చేస్తే ఏమీ తరగదు.

బెల్లం మాట అనకాపల్లిలో ఎత్తకూడదు గానీ ఎత్తుతాము. బెల్లమైనా పంచదారైనా షుగరున్న ఒంటికి ఒకటే దారి. ఏళ్ళ తరబడి తనిఖీల్లో ఊరూరా పకోడీ, తియ్యటి టీలతో పూట గడిపినవాళ్ళం. మాకు షుగరు వచ్చి ఏడేళ్ళు. ఇప్పుడు సంచిలో మజ్జిగ సీసా, వేపిన వేరుశనగలు పెట్టుకు తిరుగుతున్నాము. మొదట్లో మూడుసార్లు మానేశాము, దాచేదేముంది.

మీరూ మానేస్తారు. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర వస్తుంది, చుట్టాలు వస్తారు, వారం రోజులు అంతా తారుమారు. జాతర రోజు జాతరలాగే తినండి. చుట్టాలు బండెక్కిన సాయంత్రం మళ్ళీ తోడు వేయండి. గేదె వట్టిపోయిన నెలల్లో మాత్రం చిక్కు. అప్పుడు పక్కింటి సభ్యుని దగ్గర పావులీటరు కొనండి, పాడి వచ్చాక వారికి తిరిగి పోయండి. ఈ చేబదుళ్ళకు సంఘం పుస్తకం అక్కరలేదు.

పితకగానే ముందు ఇంటి చెంబు నింపి పక్కన పెట్టండి. పోసి వచ్చాక మిగిలితే ఉంచుదామంటే ఏనాడూ మిగలవు. వచ్చే తనిఖీలో రిజిష్టర్లు చూశాక రెండు మూడు ఇళ్ళలో దాలి దగ్గరికీ వస్తాము. టీ పెట్టకండి, మజ్జిగ ఇవ్వండి.

ఇక సెక్రటరీ గారు బోనసు లెక్కలు చదువుతారు.