గాలికుంటు శాంపిల్ చెడితే నష్టం మనదే
(జహీరాబాద్ పాడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



చెరకు కొట్టే కాలం వస్తున్నది. బీదర్ వైపు నుంచి ఎడ్లు వస్తుంటాయి, పోతుంటాయి. అంగట్లో పది ఊర్ల పశువులు కలుస్తాయి. గాలికుంటు పాకేది ఇట్లాంటప్పుడే.

కిందటేడు మా వాడలో నాలుగు ఎడ్లకు నోట్లో పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు లేచాయి. శాంపిల్ తీశారు. అది ఐసు లేకుండా ఎండలో తిరిగి మూడో రోజు ల్యాబుకు చేరింది. ‘వైరస్ కనబడలేదు’ అని రిపోర్టు వచ్చింది. మేం సంబరపడి ఎడ్లను మళ్లీ మందలో కలిపాం. పదిహేను రోజుల్లో వాడంతా పాకింది. జబ్బు లేక కాదు, సీసాలో పరీక్షకు ఏమీ మిగల్లేదు.

కరోనా నాడు మన ముక్కుల్లో పుల్ల పెట్టి, గులాబీ రంగు నీళ్ల సీసాలో వేసి, ఐసు డబ్బాలో పంపారు కదా. ఇదీ అంతే. గాలికుంటు వైరస్ లోపల ఉండేది ఆర్‌ఎన్‌ఏ. పీసీఆర్ పరీక్ష వెతికేది దాన్నే. వేడికీ, మన చేతుల మీది ఎంజైములకూ అది తునకలైపోతుంది. పైగా ఈ వైరస్‌కు పులుపు గిట్టదు. అందుకే నాలుక మీది పొక్కు పొరను పులుపు చేరని గ్లిజరిన్ ద్రావణంలో వేస్తారు.

పొక్కు కనబడగానే పటిక నీళ్లతో నోరు కడగడం మన అలవాటు. కడగండి, కానీ డాక్టరు శాంపిల్ తీసినాకనే. పటిక నీళ్లూ పులుపే. పొక్కు పాతబడకముందే కబురు పెట్టండి. శాంపిల్‌ను ఇంటి ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడితే పాడవుతుంది. ఐసు డబ్బాలో 4 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ రోజే పంపాలి. హైదరాబాద్ ఎంత దూరమని? పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. ఇంకో మాట: ఈ జబ్బు మనుషులకు దాదాపు సోకదు గానీ, మన చెప్పులతో పక్క కొట్టంలోకి పోతుంది.

2019 నుంచి దేశమంతా ఆరు నెలలకోసారి వేస్తున్న టీకాలో ఓ, ఏ, ఆసియా-1 రకాలున్నాయి. వైరస్ మారుతూ ఉంటుంది. ఒడిశాలోని అరుగుల్‌లో ఉన్న గాలికుంటు జాతీయ సంస్థ, టీకా ఈ వైరస్‌కు సరిపోతుందా లేదా అని చూసేది మన కొట్టాల నుంచి వెళ్లే పొక్కు పొరలతోనే. అవి దారిలో కుళ్లితే ఎవరేం చూస్తారు?

కాబట్టి ప్రతి పశువైద్యశాలలో ఐసు డబ్బా, ద్రావణం సీసాలు సిద్ధంగా ఉంచాలనీ, శాంపిల్ తీసిన గంట, ల్యాబుకు చేరిన గంట రిపోర్టు మీద రాసి రైతుకు ఇవ్వాలనీ అడుగుతున్నాం. వినతిపత్రం బయట బల్ల మీద ఉంది. సంతకం పక్కన మీ కొట్టంలో ఎన్ని పశువులున్నాయో కూడా రాయండి.